నియతి, కర్మ, పురుషకారం: ప్రాచీన భారతదేశంలో ఒక వాదం

తెలుగువాళ్లం రోజూ వాడే మాటల్లో తలరాత, విధి, ప్రాప్తం, కర్మ అన్నవి దాదాపు ఒకే అర్థంలో వినిపిస్తాయి. పంట ఎండిపోయినా, వచ్చిన సంబంధం తప్పిపోయినా, పరీక్ష పోయినా "అంతా నా ఖర్మ" అని ఊరుకుంటాం. చరిత్ర చదివే విద్యార్థి మాత్రం ఈ మాటలను విడదీసి చూడాలి. వీటిలో కర్మ అన్న భావానికీ, ముందే అంతా నిర్ణయమై ఉంది అనే భావానికీ ఒకప్పుడు బద్ధవైరం ఉండేది. క్రీ.పూ. 6-5 శతాబ్దాల్లో గంగా మైదానంలో ఈ రెండు పక్షాల వాళ్లూ ఒకరి అనుచరులను ఒకరు లాక్కునేంతగా పోటీ పడ్డారు. భారతీయులు మొదటి నుంచీ విధిని నమ్ముకున్నవాళ్లే అనే మాటను మీరు చాలా పుస్తకాల్లో చూసి ఉంటారు. ఆ మాట ఎంత తొందరపాటుదో ఈ వాదం వివరాలు చూస్తే తెలుస్తుంది.

ప్రత్యర్థులు రాసిన చరిత్ర

నియతివాదాన్ని ఒక సిద్ధాంతంగా నిలబెట్టినవారు ఆజీవికులు. వారి ప్రధాన ఆచార్యుడు మక్ఖలి గోసాలుడు. ఆయన బుద్ధుడికీ, వర్ధమాన మహావీరుడికీ సమకాలికుడు. ఆజీవికుల సొంత గ్రంథాలేవీ మనకు దక్కలేదు. వారి గురించి మనకు తెలిసినదంతా వారిని ఖండించిన బౌద్ధ, జైన గ్రంథాల నుంచీ, కొన్ని శాసనాల నుంచీ వచ్చినదే. అంటే ప్రతివాది వకీలు రాసిపెట్టిన కాగితాలు మాత్రమే చదివి వాది ఏమన్నాడో తేల్చుకోవలసిన పరిస్థితి. ఈ పాఠంలో వచ్చే ప్రతి కథకూ ఈ జాగ్రత్త వర్తిస్తుంది. అయినా ఒక విషయం మనకు ధైర్యమిస్తుంది. ఒకరితో ఒకరికి పడని బౌద్ధులూ, జైనులూ గోసాలుడి సిద్ధాంతాన్ని మాత్రం దాదాపు ఒకే విధంగా చెప్పారు.

జైనుల భగవతీ సూత్రం ప్రకారం గోసాలుడి తండ్రి మంఖుడు, అంటే బొమ్మలు చూపించి కథలు చెబుతూ బిచ్చమెత్తుకునేవాడు. కొడుకు పశువుల కొట్టంలో పుట్టాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆ గ్రంథం అంటుంది. ఇది పేరును బట్టి అల్లిన కథ అయినా కావచ్చు, ప్రత్యర్థిని చిన్నచేయడానికి చెప్పినది అయినా కావచ్చు. గోసాలుడు ఆరేళ్లు మహావీరుడితో కలిసి తిరిగాడనీ, తరువాత విడిపోయి శ్రావస్తిలో హాలాహల అనే కుమ్మరి స్త్రీ పనిశాలను తన స్థావరం చేసుకున్నాడనీ అదే గ్రంథం చెబుతుంది.

వారు విడిపోవడానికి ముందు జరిగిందని చెప్పే ఒక నువ్వు మొక్క కథ గుర్తుపెట్టుకోదగ్గది. దారి పక్కన మొక్కను చూసి గోసాలుడు ఇది కాపు కాస్తుందా అని అడిగాడు. కాస్తుంది, ఒక కాయలో ఏడు గింజలు కడుతుంది అన్నాడు మహావీరుడు. ఆ మాటను అబద్ధం చేయాలని గోసాలుడు మొక్కను పీకి పారేశాడు. అంతలో వాన కురిసింది. మొక్క మళ్లీ వేరు పట్టింది. తరువాత అటుగా వచ్చి చూస్తే కాయలో సరిగ్గా ఏడు గింజలున్నాయి. మనిషి చెయ్యి అడ్డుపడ్డా జరగవలసింది ఆగదని గోసాలుడు దాని నుంచి గ్రహించాడట. జైనులు గోసాలుణ్ణి తక్కువ చేయడానికి చెప్పిన ఈ కథ నియతివాదానికే మంచి ఉదాహరణగా మిగిలిపోయింది!

బౌద్ధుల దీఘనికాయంలోని సామఞ్ఞఫలసుత్తం ఈ సిద్ధాంతాన్ని క్లుప్తంగా చెబుతుంది. ప్రాణులు మలినపడటానికి కారణం లేదు, శుద్ధి పొందటానికీ కారణం లేదు. మనిషి బలం, ప్రయత్నం, పురుషకారం అన్నవి ఏవీ లేవు. 84 లక్షల మహాకల్పాల పాటు మూర్ఖుడూ, పండితుడూ ఒకే దారిన జన్మలెత్తి చివరికి దుఃఖం నుంచి బయటపడతారు. విసిరిన దారపు ఉండ దారం అయిపోయేదాకా దొర్లినట్టే ఈ ప్రయాణమూ సాగుతుంది. పుణ్యం చేసినా ఆ దారం పొట్టిదవదు, పాపం చేసినా పొడుగవదు.

కర్మ సిద్ధాంతంతో తేడా ఇక్కడే ఉంది. కర్మవాదం ప్రకారం నేను చేసినదాని ఫలం నాకు దక్కుతుంది, చేతను మార్చుకుంటే ఫలమూ మారుతుంది. నియతివాదం ప్రకారం చేతకూ, ఫలానికీ సంబంధమే లేదు. బుద్ధుడూ, మహావీరుడూ ఇద్దరూ కర్మవాదులే. అందుకే గోసాలుడి వాదం వాళ్లకు అన్నిటికంటే ప్రమాదకరంగా కనిపించింది. చలికాలంలో చల్లగా, ఎండాకాలంలో వేడిగా ఉండే వెంట్రుకల కంబళి వస్త్రాలన్నిటిలోకీ పనికిమాలినదైనట్టు, వాదాలన్నిటిలోకీ ఇది అలాంటిదని బుద్ధుడు అన్నట్టు అంగుత్తరనికాయం చెబుతుంది.

తండ్రిని చంపిన రాజు

ఈ వాదం వట్టి తర్కం కాదు. సామఞ్ఞఫలసుత్తంలో గోసాలుడి మాటలను బుద్ధుడికి చెప్పినవాడు ఎవరో చూడండి. ఆయన మగధ రాజు అజాతశత్రువు, సింహాసనం కోసం తండ్రి బింబిసారుణ్ణి చంపించినవాడు. కార్తీక పౌర్ణమి రాత్రి మనసు కుదురు లేక ఎవరి దగ్గరికి వెళితే శాంతి దొరుకుతుందని మంత్రులను అడుగుతాడు. వైద్యుడు జీవకుడి సలహా మీద అతని మామిడితోటలో ఉన్న బుద్ధుడి దగ్గరికి బయలుదేరతాడు. తోట దగ్గరపడేకొద్దీ అక్కడి నిశ్శబ్దం చూసి తనను శత్రువులకు పట్టిస్తున్నారేమోనని రాజుకు ఒళ్లు జలదరిస్తుంది. తండ్రిని చంపినవాడికి ఎవరి మీదైనా నమ్మకం ఎలా కుదురుతుంది?

తాను అంతకుముందు ఆరుగురు ఆచార్యులను కలిసిన సంగతి రాజు చెబుతాడు. వారిలో పూరణ కస్సపుడు చంపినా, చంపించినా పాపం లేదన్నాడు. గోసాలుడు ఎవరి ప్రయత్నమూ ఏమీ చేయదన్నాడు. రాజు చేసిన నేరానికి ఇంతకంటే తేలికైన విడుదల ఉండదు. అంతా నియతి అయితే బింబిసారుడి చావుకు బాధ్యులు ఎవరూ లేరు. అయినా ఆ మాటలు రాజుకు ఊరట ఇవ్వలేదు. బుద్ధుడి ఉపదేశం ముగిశాక ఆయన తన నేరాన్ని నోరు తెరిచి ఒప్పుకుంటాడు. ఈ సుత్తం బౌద్ధుల కూర్పు కాబట్టి అందులో బౌద్ధమే గెలుస్తుంది, అది సహజం. కానీ నియతివాదానికి వేయవలసిన ప్రశ్నను కూర్పరులు సరైన మనిషి నోటనే పెట్టారు.

కుండలు ఎవరు పగలగొట్టారు?

అదే ప్రశ్న జైనుల ఉవాసగదసావో అనే గ్రంథంలో మామూలు మనుషుల స్థాయిలో కనిపిస్తుంది. పోలాసపురంలో సద్దాలపుత్తుడనే కుమ్మరి ఉండేవాడు. ఊరి బయట 500 పనిశాలలున్న సంపన్నుడు, ఆజీవికుల భక్తుడు. ఒకనాడు అతను కుండలను ఎండకు పెడుతుండగా మహావీరుడు వచ్చి ఇవి ప్రయత్నం వల్ల తయారయ్యాయా, ప్రయత్నం లేకుండానా అని అడిగాడు. సద్దాలపుత్తుడు తన మతానికి కట్టుబడి, ప్రయత్నమన్నదే లేదు, అన్నీ నియతమై ఉన్నాయి అన్నాడు. మట్టి తెచ్చి, నీళ్లు కలిపి, సారె తిప్పినవాడే ఆ మాట అన్నాడని గమనించండి.

సరే, ఎవరైనా నీ కుండలను ఎత్తుకుపోయినా, పగలగొట్టినా, నీ భార్య మీద చెయ్యి వేసినా ఏం చేస్తావు అని అడిగాడు మహావీరుడు. తిడతాను, కొడతాను, ప్రాణం తీస్తాను అన్నాడు కుమ్మరి. అన్నీ నియతమైతే వాడు దొంగిలించనూ లేదు, పగలగొట్టనూ లేదు, మరి నువ్వు కొట్టడం ఎందుకు? అలా కాక వాడిది తప్పే అంటావా, అప్పుడు ప్రయత్నం లేదన్న నీ మాట అబద్ధం. సద్దాలపుత్తుడు జైనుడయ్యాడని కథ.

వాదం కాసేపు ఆపి మీ సంగతి మీరు ఆలోచించుకోండి. మనకు జరిగిన నష్టానికి ఎదుటివాడిని బాధ్యుణ్ణి చేస్తాం. మనం చేసిన నష్టం దగ్గరకు వచ్చేసరికి పరిస్థితులనో, విధినో తలుచుకుంటాం. మహావీరుడి ప్రశ్న పట్టుకున్నది ఈ రెండు నాలుకల అలవాటునే.

కష్టపడేవాళ్లు నియతిని ఎందుకు నమ్మారు?

హాలాహల, సద్దాలపుత్తుడు ఇద్దరూ కుమ్మరులే. ఆజీవికుల గృహస్థ భక్తుల్లో చేతిపనులవారూ, వర్తకులూ కనిపిస్తారు. ఆజీవిక సన్యాసులూ సోమరులు కారు. దిగంబరులుగా తిరుగుతూ కఠిన తపస్సు చేసినవాళ్లు. అంతా నిర్ణయమైతే తపస్సు దేనికి అంటే, విముక్తికి దగ్గరపడినవాడు తపస్సు చేయడమూ నియతమే అని వాళ్ల సమాధానం అయి ఉండాలి.

దీన్ని అర్థం చేసుకోవడానికి ఆ కాలాన్ని చూడాలి. మగధ, కోసల రాజ్యాలు పెరుగుతూ వజ్జి, శాక్య, మల్ల వంటి గణరాజ్యాలను మింగుతున్నాయి. గోసాలుడు చనిపోయే ముందు ఎనిమిది కడపటి విషయాల గురించి చెప్పాడని భగవతీ సూత్రం అంటుంది. వాటిలో కడపటి పానం, కడపటి పాట, కడపటి నాట్యంతో పాటు పెద్ద రాళ్లతో చేసిన యుద్ధం కూడా ఉంది. అది అజాతశత్రువు లిచ్ఛవుల మీద చేసిన యుద్ధమే. దేబీప్రసాద్ ఛటోపాధ్యాయ తన లోకాయత గ్రంథంలో ఈ వాదాన్ని గణ సమాజాల పతనంతో ముడిపెట్టారు. కళ్ల ముందే తమ ప్రపంచం కూలిపోతుంటే, ఆపడానికి చేతిలో ఏమీ లేనివాళ్ల బాధ నియతి అన్న మాటగా బయటికి వచ్చిందని ఆయన భావన. దీనికి నేరుగా రుజువు లేదు. అయినా నియతివాదాన్ని వట్టి మూఢత్వంగా కొట్టిపారేసే వ్యాఖ్యల కంటే ఇది నయమని ఈ రచయిత అభిప్రాయం.

వైద్యుడి మాట, మంత్రి మాట

తరువాతి శతాబ్దాల్లో పని చేసి బతికే శాస్త్రాలు రెండు పక్షాల మధ్య దారి వెతుక్కున్నాయి. అర్థశాస్త్రం దైవమూ, మానుషమూ రెండూ లోకాన్ని నడుపుతాయని ఒప్పుకుంటుంది, కానీ మాటిమాటికీ నక్షత్రాలను అడిగేవాడి చేతిలోంచి పని జారిపోతుందని ఎగతాళి చేస్తుంది. చరక సంహితలో అగ్నివేశుడు తన గురువు ఆత్రేయుణ్ణి ఆయుష్షు నిర్ణీతమా, కాదా అని అడుగుతాడు. వైద్యుడికి ఇది బతుకుతెరువు ప్రశ్న. ఆయుష్షు ముందే నిర్ణయమైతే మందు ఎవరికి కావాలి? మదపుటేనుగునూ, విషాన్నీ చూసి తప్పుకోవడం దేనికి అని ఆత్రేయుడు ఎదురు ప్రశ్న వేస్తాడు. ఆయన చూపే పోలిక బండి ఇరుసు. సరిగా వాడిన ఇరుసు దాని కాలం ఉన్నంతవరకూ పనిచేసి అరిగిపోతుంది. అధిక బరువు వేసినా, గతుకుల దారిలో తోలినా, కందెన వేయకపోయినా నడిమధ్యలోనే విరుగుతుంది.

ఇదే చరకుడూ, యాజ్ఞవల్క్య స్మృతీ దైవానికి ఒక కొత్త నిర్వచనం ఇచ్చారు. దైవమంటే వెనుకటి జన్మలో మనం చేసిన పురుషకారమే. ఒంటి చక్రంతో రథం నడవనట్టే ప్రయత్నం లేని దైవం ఫలించదని ఆ స్మృతి అంటుంది. చూడటానికి ఇది ప్రయత్నానికి దక్కిన గెలుపు. కానీ దాని మరో వైపు కూడా ఉంది. కర్మ, విధి ఒకటైపోవడానికి ఈ నిర్వచనమే తలుపు తెరిచింది. వెనుకటి జన్మ ఎవరికీ గుర్తుండదు, దాన్ని సరిదిద్దుకోవడమూ కుదరదు. కాబట్టి ఆ జన్మ చేత ఈ జన్మకు తలరాతే అవుతుంది. మంచి నడతవాళ్లు మంచి యోనిలోనూ, చెడ్డ నడతవాళ్లు కుక్క, పంది, చండాల యోనుల్లోనూ పుడతారని ఛాందోగ్యోపనిషత్తు అంతకుముందే చెప్పింది. అట్టడుగున పుట్టినవాడికి ఈ సిద్ధాంతం ఇచ్చింది రెండు భారాలు. స్థితి మారదు, పైగా దానికి కారణం నువ్వే. గోసాలుడి నియతి కనీసం ఆ రెండో భారం మోపలేదు.

రాళ్ల మీద మిగిలినది

అశోకుడి చిన్న శిలాశాసనం కర్నూలు జిల్లాలోని ఎర్రగుడి, రాజులమందగిరి రాళ్ల మీద కూడా ఉంది. గొప్పవాళ్లే కాదు, చిన్నవాళ్లూ పరాక్రమిస్తే, అంటే గట్టిగా ప్రయత్నిస్తే, స్వర్గం అందుకోగలరని దాని సారాంశం. ఇలా ప్రయత్నాన్ని చాటిన రాజే పట్టాభిషేకం జరిగిన 12 ఏళ్లకు బీహార్‌లోని బరాబర్ కొండల్లో రెండు గుహలు తొలిపించి, ప్రయత్నమే లేదనే ఆజీవికులకు ఇచ్చాడు. వాటి లోపలి గోడలు ఈనాటికీ అద్దంలా మెరుస్తాయి. ఆయన మనుమడు దశరథుడు పక్కనున్న నాగార్జుని కొండల్లో మరో మూడు గుహలు ఇచ్చాడు. అన్ని మతాల వారినీ గౌరవించాలన్న అశోకుడి 12వ శిలాశాసనం చదివితే ఇందులో వైరుధ్యం కనిపించదు. ఆ శాసనమూ ఎర్రగుడిలో ఉంది.

ఉత్తరాదిలో ఆజీవికులు క్రమంగా కనుమరుగయ్యారు. దక్షిణాదిలో మాత్రం చాలాకాలం నిలిచారు. తమిళ కావ్యం మణిమేఖలైలో ఆజీవిక ఆచార్యుడు తన మతాన్ని వివరిస్తాడు. చోళుల కాలపు తమిళ శాసనాల్లో గ్రామాలు కట్టే పన్నుల మధ్య ఆజీవికుల మీద వేసిన పన్ను కూడా కనిపిస్తుంది. 14వ శతాబ్దం తరువాత వారి జాడ లేదు. బరాబర్, నాగార్జుని గుహల శాసనాల్లో కొన్నిచోట్ల ఆజీవికులన్న మాటను ఎవరో ఉలితో చెక్కేశారు. దానం ఇచ్చిన రాజుల పేర్ల జోలికి వాళ్లు పోలేదు.