పర్దా వేసిన ఇంజన్



ఇంజన్ వేడెక్కుతోందంటే మనలో చాలామంది ఇచ్చే మష్వరా ఒకటే: మూత తీసేయ్, గాలి తగలనీ. నేనూ అదే అనుకునేవాణ్ణి. పాత చిన్న విమానాల తారీఖ్ చదివాక నా ఖయాల్ మారింది.

1920లలో గాలితో చల్లబడే విమాన ఇంజన్ల సిలిండర్లను ఎదురుగాలికి ఖుల్లాగా వదిలేసేవారు. చల్లబడేవి గానీ, పొడుచుకొచ్చిన ఆ సిలిండర్లే విమానాన్ని వెనక్కి లాగేవి. అమెరికాలోని లాంగ్లీ ప్రయోగశాలలో ఫ్రెడ్ వీక్ బృందం రైట్ వర్ల్‌విండ్ ఇంజన్‌కు రకరకాల రేకు కవచాలు తొడిగి, పెద్ద గాలి సొరంగంలో పరీక్షించింది. పూర్తిగా మూసినప్పుడు ఇంజన్ మొదట వేడెక్కింది. వాళ్లు కవచాన్ని పారేయలేదు. గాలి సిలిండర్లను తాకుతూ పోయేలా దాని రాస్తా మారుస్తూ వచ్చారు. 1928లో కుదిరింది. ఒక కర్టిస్ విమానం వేగం గంటకు 118 మైళ్ల నుంచి 137కి పెరిగింది. 1929 కొలియర్ ట్రోఫీ వాళ్ల సంస్థ నాకాకు దక్కింది.

ఇందులో హిక్మత్ ఏమిటి? బైక్ ఇంజన్ మీద పల్చటి ఫిన్లు చూసే ఉంటారు. సులువైన దారి దొరికితే గాలి వాటి మధ్య దూరదు, పక్కనుంచి జారిపోతుంది. అలా పోయిన గాలి బేకార్. అందుకే సిలిండర్ల చుట్టూ రేకు అడ్డాలు పెడతారు. వాటినే బాఫిల్స్ అంటారు. చిన్న విమానాల్లో సాధారణంగా సిలిండర్లకు పైన గాలి పీడనం ఎక్కువ, అడుగున తక్కువ. ఆ ఫరక్ వల్లే గాలి ఫిన్ల గుండా కిందికి దిగుతుంది.

పైపర్ జె-3 కబ్‌లో సిలిండర్లు ముక్కుకు రెండు పక్కలా బయటే కనిపిస్తాయి. వాటి మీది రేకులు గాలిని ఫిన్ల మీదికి మళ్లిస్తాయి. 1949లో వచ్చిన సూపర్ కబ్‌లో ఇంజన్ పూర్తిగా పర్దాలోకి వెళ్లింది.

ఈ పాత విమానాలకు అసలు ముష్కిల్ పైకి ఎక్కేటప్పుడు. అప్పుడు ఇంజన్ పూర్తి జోరు మీద ఉంటుంది, విమానం వేగం తక్కువ. వేడి పెరిగితే ముందున్న రంధ్రం పెద్దది చేద్దామనిపిస్తుంది. తజుర్బా ఉన్న మెకానిక్ మాత్రం ముందు బాఫిల్ అంచున రబ్బరు పట్టీ ఎండి వంకరపోయిందేమో చూస్తాడు. తర్వాత గాలి బయటికి పోయే చోటు చూస్తాడు. కవచం కింది అంచుకు పెదవిలా చిన్న రేకు బిగిస్తే అక్కడ పీడనం తగ్గి, లోపలి గాలిని బయటికి లాగుతుంది. ఇలాంటి మార్పులు ఇష్టమొచ్చినట్టు చేయడానికి లేదు, ఇజాజత్ కావాలి. ఇంజన్ ఆగితే పక్కన ఆపుకోవడానికి ఆకాశంలో రోడ్డు లేదు. లోపల ఉన్నది ఒకరి జాన్.

నాకు నచ్చింది లాంగ్లీవాళ్ల సబర్. వేడెక్కగానే కవచం మీద నింద వేయలేదు, గాలి ఎటు పోతోందో వెతికారు. వర్క్‌షాపుల్లో పని నేర్చుకుంటున్న మన పిల్లలకు ఈ కిస్సా చెప్పండి.