ఉప్పల్ దాటితే నల్గొండ: పిల్లల పళ్ల మీద నీళ్ల చరిత్ర

ఉప్పల్, నాచారంలో డెంటల్ క్లినిక్ బోర్డులకు కొదవ లేదు. అయినా ఇళ్లలో ఒక మాట పోదు: "పాల పళ్లే కదా, ఎట్లాగూ ఊడిపోతయి!"

పాల పన్ను ఊడుతుంది, నిజమే. కానీ దాని కింద చిగుళ్ల లోపల, ఆరేడేళ్లకు వచ్చే ముందు పళ్ల ఎనామిల్ పుట్టిన కొన్ని నెలల నుంచే తయారవుతూ ఉంటుంది. దాదాపు ఎనిమిదేళ్ల దాకా ఈ పని నడుస్తుంది. ఆ టైంలో తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుంటే ఎనామిల్ సరిగ్గా గట్టిపడదు. తెల్ల మచ్చలు వస్తాయి, ముదిరితే గోధుమ రంగు చారలు. తర్వాత మంచి నీళ్లు తాగినా ఆ మచ్చ పోదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో రీడ్ ఓన్లీ లాగ్ ఫైల్ అన్నమాట.

ఈ లాగ్ చదవాలంటే దూరం పోనక్కర్లేదు. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర వరంగల్ హైవే ఎక్కితే భువనగిరి వస్తుంది. 2016 దాకా అది నల్గొండ జిల్లానే.

కథ మాత్రం ఇంకా ముందు, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో మొదలైంది. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్ గురించి పేపర్ రాశారు. పళ్ల మచ్చలతో ఆగదు, ఏళ్ల తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి. తర్వాత నల్గొండ. నాచారం పక్కనే తార్నాకలో ఉన్న ఎన్‌ఐఎన్ నుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్‌లో రాసింది, ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో మోకాళ్లు లోపలికి వంకరపోవడం గురించి. ఉప్పల్ రోడ్డు మీది ఎన్‌జీఆర్‌ఐ వాళ్లూ నల్గొండ భూగర్భ జలాలను స్టడీ చేశారు. అక్కడి గ్రానైట్ రాయిలోనే ఫ్లోరైడ్ ఉంది, నీళ్లలోకి కరిగి వస్తుంది.

పరిష్కారం కూడా 1970ల్లోనే వచ్చింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తిప్పి, తేరనివ్వడం. నీరి సంస్థ తయారుచేసిన ఈ పద్ధతికి ప్రపంచమంతా పేరు నల్గొండ టెక్నిక్. పేరు లోకమంతా పోయింది, నీళ్లు మాత్రం ఊరికి రాలేదు!

అందుకే 1996 లోక్‌సభ ఎన్నిక. జలసాధన సమితి పిలుపుతో బాధితులు వరుసగా నామినేషన్లు వేస్తే నల్గొండలో 480 మంది అభ్యర్థులు తేలారు. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది. ఢిల్లీ ఆ ఏడాదే డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. నీళ్ల కన్నా ముందు చట్టం వచ్చిందని నాకైతే అనిపిస్తుంది. 2015లో మిషన్ భగీరథ పైలాన్ వేసింది కూడా అదే జిల్లా చౌటుప్పల్‌లోనే.

ఇప్పుడు అసలు ట్విస్ట్. ఈ కథ విని కొందరు తల్లిదండ్రులు పిల్లలకు ఫ్లోరైడ్ లేని పేస్ట్ వెతుకుతున్నారు. ఆగండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితేనే డబ్ల్యూహెచ్‌ఓ ప్రమాదమంటుంది. తక్కువ మోతాదులో అదే ఫ్లోరైడ్ పళ్లు పుచ్చకుండా కాపాడుతుంది. 1945లో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ కావాలనే నీళ్లలో కలిపింది. కాబట్టి పేస్ట్ మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, తర్వాత ఆరేళ్ల దాకా బఠానీ గింజంత. బ్రష్ చేసేటప్పుడు పక్కన నిలబడి, మింగకుండా ఉమ్మేయమని చెప్పాలి.

మీ అపార్ట్‌మెంట్‌లో తాగేది బోరు నీళ్లయితే, ఒక బాటిల్ ల్యాబ్‌కి ఇచ్చి ఫ్లోరైడ్ ఎంతుందో అడగండి. ఇంట్లో ఎనిమిదేళ్ల లోపు పిల్లలుంటే ఈ వారమే.