కాంతివేగ సామీప్యం, ‘సాపేక్షత’ అనే మాట: దక్కను విజ్ఞానచరిత్ర ఆధారంగా ఒక పరిశీలన

ప్రస్తావన

కాంతివేగానికి చేరువగా కదిలే వస్తువుల గురించి తెలుగులో చెప్పేటప్పుడు సాధారణంగా మూడు వాక్యాలు వినిపిస్తాయి: కాలం నెమ్మదిస్తుంది, పొడవు తగ్గుతుంది, ద్రవ్యరాశి పెరుగుతుంది. మూడింటిలోనూ ఒకే కొరత ఉంది. ఎవరు కొలిచినప్పుడు అన్న ప్రశ్నకు అవి సమాధానం చెప్పవు. ఆ సమాధానాన్ని కోరే పదం మాత్రం మనకు ఉంది. అదే ‘సాపేక్షత’. ఈ సిద్ధాంతానికి నిదర్శనాలు లభించిన క్రమాన్ని, అందులో దక్కనుకున్న స్థానాన్ని గమనిస్తూ ఆ పదం బలాన్ని గుర్తించడం ఈ వ్యాస లక్ష్యం.

పదచర్చ

వాడుక తెలుగులో ‘అపేక్ష’ అంటే కోరిక. శాస్త్రభాషలో దాని అర్థం వేరు. ఒకటి మరొకదాన్ని ఆధారంగా కోరడమే అక్కడ అపేక్ష. అన్వయం కోసం మరో పదాన్ని ఆశించే పదాన్ని వ్యాకర్తలు సాపేక్షమన్నారు. ఉర్దూలో ఇదే సిద్ధాంతాన్ని ‘ఇజాఫియత్’ అంటారు. ‘ఇజాఫత్’ కూడా పారశీక వ్యాకరణంలో ఒక పదాన్ని మరో పదానికి ముడివేసే సంబంధమే. 1917లో అనువాద సంస్థ ఏర్పడి, మరుసటి ఏడాది ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో ఆరంభమైంది. నాటి కరీంనగర్ జిల్లాలోని గంభీరావుపేట వంటి ఊరి నుంచి వెళ్లి అక్కడ చేరిన తెలుగు విద్యార్థి భౌతికశాస్త్రాన్ని ఉర్దూలో చదవవలసి వచ్చేది. ఉన్నత విద్యకు తెలుగులో పాఠ్యగ్రంథాలు అందించేందుకు 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. రెండు భాషల పదాలూ ఒకే విషయాన్ని గుర్తుచేస్తున్నాయి: ఒంటరిగా నిలబడే కొలత లేదు.

సిద్ధాంతం, తొలి నిదర్శనాలు

ఐన్‌స్టీన్ 1905లో రెండు ప్రతిపాదనలతో ఈ సిద్ధాంతాన్ని నిర్మించాడు. సమవేగంతో కదిలే పరిశీలకులందరికీ భౌతిక నియమాలు ఒక్కటే. వారందరికీ శూన్యంలో కాంతివేగమూ ఒక్కటే. అంతకు ముందే, 1901 నుంచి, కౌఫ్‌మన్ రేడియం నుంచి వెలువడే అతివేగ ఎలక్ట్రాన్లను పరిశీలించి, వేగం పెరిగేకొద్దీ వాటిని పక్కకు వంచడం కష్టమవుతోందని గమనించాడు. ‘ద్రవ్యరాశి పెరుగుదల’ అన్న మాట ఆనాటి వ్యాఖ్యానాల నుంచి వచ్చింది. నేటి శాస్త్రజ్ఞులు ఎక్కువగా విరామ ద్రవ్యరాశినే ద్రవ్యరాశి అంటారు. అది మారదు. పెరిగేవి శక్తి, ద్రవ్యవేగం. కాంతివేగాన్ని సమీపించేకొద్దీ వేగంలో స్వల్ప వృద్ధికి సైతం అపారమైన శక్తి కావాలి. ద్రవ్యరాశి ఉన్న వస్తువు ఆ వేగాన్ని అందుకోవాలంటే అనంత శక్తి అవసరం. కాబట్టి అందుకోలేదు.

కాలం విషయంలో స్పష్టమైన నిదర్శనం విశ్వకిరణాల నుంచి లభించింది. 1938లో హోమీ భాభా ‘నేచర్’ పత్రికలో ఒక సూచన చేశాడు. విశ్వకిరణాల్లోని బరువైన ఎలక్ట్రాన్లు అస్థిరమైనవైతే, వేగంగా కదిలేవాటి ఆయుర్దాయం మన కొలతలో ఎక్కువగా కనిపించాలన్నది దాని సారాంశం. ఆ కణాలనే నేడు మ్యూయాన్లంటున్నాం. 1941లో రోసీ, హాల్ అమెరికాలోని కొలరాడోలో, వేర్వేరు ఎత్తుల్లో ఆ కణాలను లెక్కించి, వేగవంతమైనవి నిజంగానే ఎక్కువకాలం మనుతున్నాయని చూపారు.

లెక్క సులభం. నిశ్చల మ్యూయాన్ సగటు ఆయుర్దాయం 2.2 మైక్రోసెకన్లు. ఆ వ్యవధిలో కాంతి ప్రయాణించే దూరం సుమారు 660 మీటర్లు. మ్యూయాన్లు పుట్టేది దాదాపు 15 కిలోమీటర్ల ఎత్తులో. కాంతివేగంలో 99.5 శాతంతో వస్తే ఆ దూరానికి 50 మైక్రోసెకన్లు పడుతుంది. గాలిలో కోల్పోయే శక్తిని పక్కన పెడితే, పాత లెక్క ప్రకారం వెయ్యి కోట్లలో ఒక్కటి నేలను చేరాలి. సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం ఆ వేగానికి మన గడియారంలో ఆయుర్దాయం పది రెట్లవుతుంది. అందువల్ల నూటికి పది చేరతాయి. మ్యూయాన్‌తో పాటు కదిలే గడియారంలో మాత్రం ఆయుర్దాయం 2.2 మైక్రోసెకన్లే. ఆ దృష్టిలో 15 కిలోమీటర్ల వాతావరణమే ఒకటిన్నర కిలోమీటరుకు కుదించుకుపోయింది. మనం కాలంలో చూసిన భేదం అక్కడ దూరంలో కనిపిస్తుంది. నేలను చేరే మ్యూయాన్ల సంఖ్య మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

దక్కను స్థానం

తెలుగు, తమిళ శ్రామికులు పెద్ద సంఖ్యలో పనిచేసిన కోలారు బంగారు గనుల్లో టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 1950ల నుంచి వేర్వేరు లోతుల్లో మ్యూయాన్లను కొలిచారు. లోతుకు వెళ్లేకొద్దీ రాతిపొర వాటిని వడగట్టింది. ఆ నిశ్శబ్దంలోనే, సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, 1965లో భారత, జపాన్, బ్రిటన్ పరిశోధకుల బృందం వాతావరణ న్యూట్రినోల జాడను నమోదు చేసింది.

హైదరాబాదుకు మరో అనుకూలత ఉంది. భూఅయస్కాంత మధ్యరేఖకు చేరువలో ఉండటం వల్ల తక్కువ శక్తి గల కణాలను భూమి అయస్కాంత క్షేత్రమే మళ్లిస్తుంది. ఇక్కడికి నిట్టనిలువుగా చేరే ప్రోటాన్ ద్రవ్యవేగం సుమారు 17 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయికి తగ్గకూడదు. అంటే దాని వేగం కాంతివేగంలో 99.8 శాతమైనా ఉండాలి. 1969లో అదే సంస్థ హైదరాబాదులో బెలూన్ ప్రయోగ కేంద్రాన్ని నెలకొల్పింది.

ఉపసంహారం

కాంతివేగ సామీప్యాన్ని వివరించడానికి ఊహా రాకెట్లు తప్పనిసరి కావు. గంభీరావుపేట మండలం నర్మాల జలాశయం గట్టున ఒక విద్యార్థి అరచేయి చాపితే క్షణానికి ఒకటో రెండో మ్యూయాన్లు దాని గుండా వెళ్తాయి. అక్కడ చెప్పవలసిన వాక్యం ‘కాలం నెమ్మదిస్తుంది’ కాదు. ‘నేల మీది గడియారాన్ని అపేక్షించి మ్యూయాన్ ఆయుర్దాయం పెరుగుతుంది’ అన్నది సరైన వాక్యం. రెండో వాక్యం కొంచెం పొడవైనదే. కానీ మొదటిది విన్న విద్యార్థి ఎక్కడో కాలమే మందగిస్తోందని ఊహించుకుంటాడు. రెండోది విన్నవాడు ఏ గడియారం, ఎవరి కొలత అని అడగడం నేర్చుకుంటాడు. పాఠ్యగ్రంథ రచయితలు, అనువాదకులు ‘దేనిని అపేక్షించి’ అన్న భాగాన్ని వాక్యం నుంచి జారనివ్వకుండా ఉంటే, ఆ పదం తన పని తాను చేసినట్లే.