వత్తి తుపాకి నుంచి పన్నెండు బోరు దాకా

మా గోనెగండ్లకు పక్కనే, దేవనకొండ మండలంలో తెర్నేకల్ అనే ఊరుంది. 1801లో, అంటే ఈ సీమ నిజాం చేతిలోంచి కుంపిణీ చేతికి మారిన మరుసటి ఏడే, ఆ ఊరు ఎదురు తిరిగింది. శిస్తు గొడవలో తహసీల్దారు హతమయ్యాడు. జనరల్ డుగాల్డ్ క్యాంప్‌బెల్ ఫౌజు వచ్చి ఊరి మట్టికోట మీద పడింది. మొదటి దెబ్బకు కోట లొంగలేదు, ఫౌజే వెనక్కి తగ్గాల్సి వచ్చింది. తర్వాత మరింత బలగంతో వచ్చి పట్టుకున్నారు. ఊరి పెద్ద ముత్తుకూరు గౌడప్పను ఉరితీసిన సంగతి ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పేవాళ్లంతా ఆయన పౌరుషం గురించి చెబుతారు, చెప్పాల్సిందే. నా బుర్రలో మాత్రం చిన్నప్పటి నుంచీ ఇంకో ప్రశ్న తిరుగుతూ ఉంటుంది. కుంపిణీ ఫౌజును నిలబెట్టేటంత మందుగుండు ఒక పల్లెటూరికి ఎక్కడి నుంచి వచ్చింది?

నేను జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వులో ఆర్మరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. బెల్ ఆఫ్ ఆర్మ్స్ అని మేం పిలిచే ఆయుధాల గదిలోనే నా సర్వీసంతా గడిచింది. పుల్‌త్రూ తాడుకు చిందీ గుడ్డ కట్టి గొట్టంలోంచి లాగడం, స్ప్రింగులు మార్చడం, ట్రిగ్గర్ బరువు చూడటం, దసరాకు తుపాకులన్నీ వరసగా పేర్చి కుంకుమబొట్లు పెట్టి ఆయుధపూజ చేయడం. ఎమ్మిగనూరులో నాలాంటి రిటైరైనవాళ్లం నలుగురం కలిస్తే ఇప్పటికీ అదే మాట. రివాల్వర్ మేలా పిస్టల్ మేలా, ఏ రైఫిల్ నిఖార్సైంది, దేనికి ఏ స్కోప్ ఆనుతుంది అని. గంటలు గడిచిపోతాయి. ఆ వాదనలన్నిటిలో నేను పట్టుకుని కూర్చునే మాట ఒకటే. తుపాకి చరిత్ర తెలియాలంటే గొట్టం పొడవు చూసి లాభం లేదు. నిప్పు ఎట్లా పుడుతోంది, ఆ నిప్పుకు కావలసిన సరుకు ఎవరి చేతిలో ఉంది, అది చూడాలి.

తెర్నేకల్ కాలంలో పల్లెల్లో ఎక్కువగా ఉండింది వత్తి తుపాకి. సూరేకారపు నీళ్లలో నానబెట్టి ఆరేసిన నూలు వత్తి ఒకటి సన్నగా రాజుకుంటూ ఉంటుంది. కుందా చీలికలోంచి లేచిన ఇనుప కొక్కెం దాన్ని పట్టుకుని ఉంటుంది. కింద మీట నొక్కితే కొక్కెం ముందుకు వంగి, గొట్టం పక్కనున్న చిన్న గిన్నెలోని మందుకు వత్తి తగిలిస్తుంది. టక్కుమని విడిపోయేది ఏదీ అందులో ఉండదు. వేలు ఎంత కదిలితే కొక్కెం అంత కదులుతుంది, వేలు ఆపితే కొక్కెమూ ఆగుతుంది. ఇప్పటి షూటర్లు ఇది వింటే పెదవి విరుస్తారు. కానీ గోడ మీద తుపాకి ఆనించి నిదానంగా గురిపెట్టేవాడికి ఆ మీట ఇచ్చినంత అదుపు తర్వాత వచ్చిన ఎన్నో తుపాకులు ఇవ్వలేదు. వానొస్తే మాత్రం పనికిరాదు. చీకట్లో వత్తి నిప్పు శత్రువుకు ముందే కనబడుతుంది.

ఇక సరుకు సంగతి. సూరేకారం మన మట్టిలోనే ఉంది. పాత ఊరిదిబ్బల మట్టి, పశువులు కట్టిన చోట గోడల కింద పొడి మట్టి తెచ్చి, కడిగి, ఆ నీళ్లు కాచి దాన్ని తీసేవాళ్లు. చవుడు నేల నుంచి ఉప్పు తీసిన ఉప్పరవాళ్లకు చేతిలో ఉన్న విద్యే అది. బొగ్గు ఎక్కడైనా దొరుకుతుంది. గంధకం, సీసం మాత్రం సంతలో కొనాలి. గొట్టం కమ్మరి కొలిమిలో, కుందా వడ్రంగి దగ్గర, వత్తికి నూలు మన పత్తి చేలో. నా ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదే. తెర్నేకల్ తుపాకి చాలామటుకు తెర్నేకల్‌లోనే తయారైంది.

ఈ ప్రాంతానికి తుపాకి కొత్తగా వచ్చింది కూడా కాదు. తుంగభద్ర దాటితే రాయచూరు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు ఆ కోట ముట్టడించినప్పుడు క్రిస్టొవావ్ డి ఫిగరెడో అనే పోర్చుగీసువాడు ఓ ఇరవై మంది తుపాకివాళ్లతో వచ్చి రాయల పక్షాన చేరాడు. కోటగోడ మీద తల ఎత్తినవాణ్నల్లా వాళ్లు ఏరి ఏరి కొట్టారని, ఆ తర్వాతి కాలంలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ రాశాడు. పైన కావలివాళ్లు తలలు దించుకుంటే, కింద మనుషులు గోడరాళ్లు పీకారు. ఆదిల్‌షా దగ్గర వందల ఫిరంగులున్నా ఆ యుద్ధంలో గెలవలేదు. ఇరవై మంది గురి తప్పనివాళ్లు ఏం చేయగలరో దక్కన్ అక్కడ చూసింది. దుర్భిణి లేదు, గొట్టంలో మెలికగాళ్లు లేవు. గుండు సాఫుగొట్టంలోంచి దొర్లుకుంటూ వెళ్లే కాలమది.

ఆదోని కోట ఎక్కినవాళ్లకు బారాకిల్లా మీద పాత మందుగుండు కొట్లు, రాతి ఫిరంగి ఒకటి ఉన్న సంగతి తెలిసే ఉంటుంది. బీజాపూరు సుల్తానుల కోట అది. 1688లో ఔరంగజేబు సేనాని ఫిరోజ్ జంగ్ పట్టుకున్నాడు. తర్వాత నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరైంది. ఆయన కొలువులో ఫ్రెంచివాడు లాలీ తన పటాలంతో ఉండేవాడు. ఫ్రెంచి కవాతు, చెకుముకి తుపాకులు, సంగీన్లు ఆదోని వీధుల్లో తిరిగిన రోజులవి. చెకుముకి తుపాకిలో వత్తి బెడద లేదు. మీట నొక్కగానే స్ప్రింగు గుర్రాన్ని విసురుతుంది, రాయి ఉక్కుకు రాసుకుని రవ్వ రాలుతుంది. అయితే ఆ స్ప్రింగుకు మంచి ఉక్కు కావాలి, రాయి కావాలి, పనివాడు కావాలి. ఊరి కమ్మరి చేతిలోంచి తుపాకి జారడం మొదలైంది అక్కడే అని నా అభిప్రాయం. 1786లో టిప్పు నెల రోజులు ముట్టడించి ఆదోని పట్టుకున్నాడు. ఆళ్వారీలు కూలగొట్టించి, ఫిరంగులూ సామానూ గుత్తికి తరలించాడు. ఈనాడు ఆ కోట అంత బోసిగా ఉందంటే కాలం ఒక్కటే కారణం కాదు.

కుంపిణీకి దత్తమండలాలు దక్కేటప్పటికి ఇక్కడ 80 మంది పాలెగాళ్లు, వాళ్ల కింద 30,000 మంది ఆయుధాలు పట్టిన బంట్లు ఉన్నారని లెక్క. బోయవాళ్లే అందులో ఎక్కువ. హైదరు, టిప్పుల కాల్బలానికి పేరు తెచ్చినవాళ్లు కూడా ఈ బోయలే. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోను మన జనం మంచివాడని తలుచుకుంటారు, పత్తికొండలో 1827లో కలరాతో పోయాడు కాబట్టి మనవాడే అనుకుంటారు. రైతుకు పట్టా రాసిచ్చిన మన్రోనే పాలెగాళ్ల బలగాలను చెదరగొట్టాడన్నదీ అంతే నిజం. తర్వాత 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ తోటల్లో, మహలు లోపల రహస్యంగా ఫిరంగులు పోత పోయిస్తున్నాడని తెలిసి కుంపిణీ కర్నూలును కలుపుకుంది. జొహరాపురం దగ్గర అక్టోబరు 18న పోరు జరిగింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచినవాళ్లలో కట్టుబడి ఇనాములు పోగొట్టుకున్న బంట్లున్నారు. అంటే తుపాకి పట్టడమే జీవనంగా ఉన్నవాళ్లు. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను ఉరితీసిన తర్వాత ఈ సీమలో ఆ స్థాయి పోరు మళ్లీ లేచిందే లేదు.

1878లో లిట్టన్ ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా మనవాడు తుపాకి పట్టకూడదు, తెల్లవాడికి ఆ నిబంధన లేదు. కొడగువాళ్లకు మినహాయింపు ఇచ్చారు, అది నేటికీ నడుస్తోంది. వాళ్ల ఇళ్లలో పండగకు తుపాకి పూజిస్తారు, పిల్లలకు గురి నేర్పుతారు. వేట తెలిసిన బోయవాడి ఇంట్లో ఆ విద్య మూడు తరాల్లో అడుగంటిపోయింది. కొడగును చూసినప్పుడల్లా నాకు ఈ బాధ కలుగుతుంది.

చట్టం కంటే ఎక్కువ పని చేసింది తూటా అంటాను నేను. మందు, గుండు, నిప్పు మూడూ ఒకే ఇత్తడి గొట్టంలో ఇమిడాక పల్లె చేయగలిగింది ఏమీ లేదు. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడ్డది ఎందుకు? తుపాకీ తూటా అక్కడే ఉన్నాయి కాబట్టి. తెర్నేకల్‌కు ఆ అవసరం లేకపోయింది.

తూటా పోకూడదన్న భయం ఎంతవరకు వెళ్లిందో చెప్పడానికి మా బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లోని ఫోర్ టెన్ మస్కెట్ ఒక్కటి చాలు. చూస్తే అచ్చం త్రీ నాట్ త్రీ రైఫిల్. ఇషాపూర్ ఫ్యాక్టరీలో దాని గొట్టం గాళ్లు తీసేసి సాఫు చేశారు, మ్యాగజైన్ గుంతలో కొయ్య ముక్క బిగించారు. ఒక్కొక్క తూటా చేత్తో పెట్టి కాల్చాలి. సైన్యం తూటా దీంట్లో పనికిరాదు, దీని తూటా సైన్యం రైఫిల్లో పనికిరాదు. పోలీసు చేతికిచ్చేటప్పుడు కూడా తెల్లవాడు అంత జాగ్రత్త పడ్డాడు. జనానికి వేట రైఫిల్ 315 బోరులో చేసి అమ్మడం కూడా ఆ లెక్కలోదే. సైన్యం తూటా అందులో పట్టదు. స్వాతంత్ర్యం వచ్చినా ఆ గీత చెరగలేదు. 1959 చట్టం, 1962 నిబంధనలు వచ్చాయి. సైన్యం బోర్లు ఇప్పటికీ మామూలు జనానికి నిషేధమే. 2019 సవరణతో ఒక్కరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు.

త్రీ నాట్ త్రీ ట్రిగ్గర్ గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. దానికి రెండు మెట్లు. మొదటి మెట్టు ఒకటిన్నర కిలో పైచిలుకుతో వస్తుంది, అక్కడ వేలికి గోడ తగిలినట్టు ఆగుతుంది. ఊపిరి బిగబట్టి, గురి సరిచూసుకుని, ఇంకో కిలో బరువు కలిపితే గుండు వెళ్తుంది. కొత్త కానిస్టేబుల్ ఆ గోడను ఒక్కసారి వేలితో పట్టాడా, వాడి గురి ఆ పూటే మారుతుంది. రివాల్వర్ది వేరే గుణం. బొటనవేలితో గుర్రం లేపకుండా నేరుగా ట్రిగ్గర్ లాగితే ఆ ఒక్క లాగుడులోనే చక్రం తిరగాలి, గుర్రం లేవాలి, పడాలి. ఐదారు కిలోల బరువు, పొడవాటి లాగుడు. గుర్రం ముందే లేపి పెట్టుకుంటే అందులో సగం కూడా ఉండదు. మా రిటైర్డ్ హెడ్‌కానిస్టేబుల్ ఒకాయన గ్లాక్ పిస్టల్‌ను ఆకాశానికెత్తుతాడు. ప్రతి తూటాకూ రెండున్నర కిలోల దగ్గర ఒకే తీరు ట్రిగ్గర్ దానిది. ఆ మాట నిజమే. కానీ జేబులో పెట్టుకుని జనంలో తిరిగే మనిషికి ఆ బరువైన రివాల్వర్ లాగుడే మేలని నేనంటాను. వేలు తొందరపడినా తుపాకి తొందరపడదు.

ఎన్నికల నోటిఫికేషన్ రాగానే లైసెన్సు తుపాకులు స్టేషన్లో జమ చేయాలి. అప్పుడు చూడాలి వాటిని. రాజకీయం చేసేవాళ్లవి కాన్పూరు థర్టీటూ రివాల్వర్లు, తోలు ఒరల్లో మెరుస్తూ. రైతులవి పన్నెండు బోరు జంటగొట్టాలు, గోనెసంచిలో చుట్టి. ఒకసారి ఒక పెద్దాయన తన తుపాకి బల్ల మీద పెట్టి చెయ్యి వదల్లేదు.

"నూనె ఎక్కువ పెట్టొద్దు సార్, కొయ్య పాడైతాది. మా నాయన పెట్టింది పేరు దీనికి."

"పేరా? ఏం పేరు పెద్దాయనా?"

"మా యవ్వ పేరే సార్."

మడతబెట్టి తెరిచి చూశాను. గొట్టాలు అద్దంలా ఉన్నాయి. ముందరి ట్రిగ్గర్ మీద లోహం వేలిముద్ర పట్టేంత అరిగి ఉంది, వెనకది దాదాపు కొత్తదే. ముందరిది కుడి గొట్టానికి, వెనకది ఎడమ గొట్టానికి. ఎడమది మూతి దగ్గర కొంచెం బిగువు, రవ్వలు దూరం దాకా చెదరకుండా పోతాయి. దగ్గరి దానికి ముందు వేలు, పారిపోయేదానికి వెనక వేలు. ఒకే ట్రిగ్గర్ ఉన్న ఖరీదైన తుపాకుల్లో అంత తేలిగ్గా గొట్టం ఎంచుకోలేం. ఆ పెద్దాయన దాన్ని చేను కావలికి తప్ప దేనికీ వాడలేదని ఆ అరుగుదలే చెబుతోంది. దగ్గరికొచ్చిన అడవిపందిని బెదరగొట్టడానికి ముందు ట్రిగ్గర్ చాలు.

1972 వన్యప్రాణి చట్టం తర్వాత ఆ పని కూడా తగ్గింది. ఆస్పరి, దేవనకొండ వైపు జింకల మందలు శనగ, వేరుశనగ మేసేస్తుంటే రైతు చేను చుట్టూ పాత చీరలు కడుతున్నాడు. జింక మీద తుపాకి ఎత్తితే జైలే. ఆ చట్టం ఉండాల్సిందే, లేకుంటే బట్టమేకపిట్టకు పట్టిన గతే జింకకూ పట్టేది. రైతు నష్టానికి సర్కారు సకాలంలో పరిహారం ఇవ్వకపోవడం మాత్రం అన్యాయం.

స్కోప్ గురించి మావాళ్లు ఎంతైనా మాట్లాడతారు. రెండో ప్రపంచయుద్ధపు నంబర్ ఫోర్ స్నైపర్ రైఫిల్ మీది స్కోప్ మూడున్నర రెట్లే చూపేది, ఆ మాత్రంతోనే వాళ్లు పని కానిచ్చారు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కంచు పతకం కొట్టిన ఎయిర్ రైఫిల్‌కు అసలు భూతద్దపు స్కోపే ఉండదు, ఆ పోటీలో ఒప్పుకోరు. చిన్న రంధ్రంలోంచి చూసి కొట్టాలి. ఈషా సింగ్ ఆడే ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్‌కు కనీసం అరకిలో బరువు ఉండి తీరాలి, పోటీకి ముందు తూకం వేసి చూస్తారు. వేలి మీద అంత అదుపు వాళ్లకు రేంజిలో ఏళ్ల సాధనతో వచ్చింది. ఆదోని, ఎమ్మిగనూరు పిల్లలకు ఎన్‌సీసీలో ట్వెంటీటూ రైఫిల్‌తో నాలుగు గుళ్లు కాల్చడం తప్ప వేరే దారి లేదు. ఒక ఎయిర్ రైఫిల్ రేంజికి పది మీటర్ల గది చాలు. పెద్ద ఖర్చు కాదు.

లైసెన్సుదారు పోయాక వారసులు వద్దనుకున్న తుపాకులు స్టేషన్లో తుప్పు పట్టి, చివరికి ముక్కలు చేసే జాబితాలోకి వెళ్తాయి. వాటితోపాటు జమ రిజిస్టర్లు కూడా చెదలు తింటున్నాయి. ఎవరి తుపాకి, ఏ కంపెనీది, ఏ నంబరు, ఏ ఏడు లైసెన్సు, చేను కావలికా ఆత్మరక్షణకా, అన్నీ అందులో ఉన్నాయి. ఆ రిజిస్టర్లను నకలు తీయించి, ముక్కలు చేసేముందు రకానికి ఒకటి చొప్పున గుర్రం పనిచేయకుండా చేసి జిల్లా మ్యూజియంలో పెట్టమని అర్జీ రాసి కలెక్టరాఫీసులో ఇచ్చాను. ఫోర్ టెన్ మస్కెట్‌ను మ్యాగజైన్ గుంతలోని కొయ్య ముక్కతో సహా పెట్టమని అందులో ప్రత్యేకంగా రాశాను.