ఆపద్ధర్మ వైద్యులు: పావియా నుంచి కోవిడ్ దాకా

1479లో ఇటలీలోని పావియా నగరం ప్లేగు రోగుల కోసం జొవాన్ని డి వెంచూరా అనే వైద్యుణ్ణి కొలువులో పెట్టుకుంది. నెలకు 30 ఫ్లోరిన్ల జీతం, అందులో రెండు నెలలది ముందే చెల్లింపు, సామాన్లతో సహా ఇల్లు, కొలువు ముగిశాక మరో రెండు నెలల జీతం. ప్లేగు రోగులను తప్ప వేరెవరినీ చూడమని ఒత్తిడి చేయకూడదు. పనితీరు బాగుంటే నగర పౌరసత్వం కూడా. పని ఎంతవరకో, ప్రతిఫలమెంతో, పని అయిపోయాక ఆ మనిషి సంగతేమిటో ఆ ఒప్పందంలోనే రాసుకున్నారు. తర్వాతి అయిదు వందల ఏళ్లలో ఈ మూడూ ఒకచోట కుదిరిన సందర్భాలు అరుదు.

మన దేశంలో బొంబాయి ప్లేగు వేళ, 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టం వచ్చింది. నాలుగే సెక్షన్లు. ప్రభుత్వానికి అవసరమనిపించిన ఏ చర్యకైనా అధికారం, ధిక్కరిస్తే శిక్ష, సదుద్దేశంతో పనిచేసినవారిపై దావాలు పడకుండా రక్షణ. సిబ్బంది నియామకం, శిక్షణ, మరణిస్తే పరిహారం ఊసే లేదు.

అదే ఏడాది జనవరిలో బొంబాయిలో ప్లేగు టీకా తయారుచేసి, ముందు తానే వేయించుకున్న హాఫ్‌కిన్‌కు వైద్యపట్టా లేదు. ఆయన జంతుశాస్త్రజ్ఞుడు. 1902లో పంజాబ్‌లోని ముల్కోవాల్ గ్రామంలో ఆ టీకా వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. నింద ఆయన మీద పడింది, ఉద్యోగం పోయింది. అసలు జరిగింది వేరు. సీసా తెరిచేటప్పుడు ఒక సహాయకుడి చేతిలోంచి పట్టకారు నేలమీద పడింది. దాన్ని సరిగా శుద్ధి చేయకుండానే మళ్లీ వాడారు. 1907లో గానీ హాఫ్‌కిన్ మీద మచ్చ తొలగలేదు. అందరూ ఆయన అర్హతను శంకించారు, ఆ సహాయకుడికి ఎవరు నేర్పారు, ఎవరు పక్కన నిలబడి చూశారు అని అడిగినవారు లేరు. నా దృష్టిలో అత్యవసర నియామకాల చరిత్రలో ఇంతకంటే పెద్ద పాఠం లేదు.

1918 ఇన్‌ఫ్లుయెంజా వేళ ఫిలడెల్ఫియాలో మూడో, నాలుగో ఏడాది వైద్య విద్యార్థులను ఆసుపత్రులకు పంపారు. గత్యంతరం లేక చేసిన పని అది. 1952లో కోపెన్‌హాగెన్ చేసింది వేరు. పోలియోతో ఊపిరి అందని రోగులు వరదలా వచ్చి పడుతుంటే, మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ పన్నెండేళ్ల బాలికకు గొంతులో రంధ్రం చేయించి, గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి పోశారు. అందరికీ అలా చేయాలంటే రాత్రింబవళ్లు చేతులు కావాలి. సుమారు 1,500 మంది వైద్య, దంతవైద్య విద్యార్థులు వంతులవారీగా రోగుల పక్కన కూర్చుని సంచులు నొక్కారు. వారికి అప్పగించింది ఒక్క పనే. నేర్పినవారు అక్కడే ఉన్నారు. మరణాల రేటు సగానికి పైగా పడిపోయింది.

మనవాళ్లు, డిగ్రీ కాకుండా తక్కువ కాలపు లైసెన్షియేట్ కోర్సు చదివిన ఎల్‌ఎంపీ డాక్టర్లను ఎరుగుదురు. 1946 నాటి భోర్ కమిటీ నివేదిక ప్రకారం దేశంలోని సుమారు 47,500 మంది వైద్యుల్లో దాదాపు 30 వేల మంది అలాంటి లైసెన్షియేట్లే. అయినా ఆ చదువును ఎత్తేయాలని కమిటీ తేల్చింది. ఆరుగురు సభ్యులు విభేదించారు, వారి మాటే సబబనిపిస్తుంది. ఎందుకంటే 1970ల్లో మశూచిని తరిమినప్పుడు, రెండు మొనల సూదితో టీకా వేసినవారూ, రోగి బొమ్మ ఉన్న కార్డు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగినవారూ పెద్ద డిగ్రీలున్నవారు కారు.

ఇక కోవిడ్. 2020 మార్చిలో ఇటలీ సుమారు పది వేల మంది కొత్త పట్టభద్రులను లైసెన్సు పరీక్ష లేకుండానే విధుల్లోకి తీసుకుంది. బ్రిటన్ రిటైరైన వైద్యుల పేర్లను మళ్లీ రిజిస్టరులో చేర్చింది. ఏప్రిల్‌లో న్యూజెర్సీ విదేశీ లైసెన్సున్న వైద్యులకు తాత్కాలిక అనుమతి ఇచ్చింది. అదే అమెరికాలో హెచ్-1బీ వీసా మీదున్న వైద్యులు, వారిలో మన తెలుగువారూ, స్పాన్సర్ చేసిన ఆసుపత్రి దాటి మరోచోట సాయపడబోతే వీసా షరతులు అడ్డొచ్చాయి.

మన దగ్గర 2021 మే 3న కేంద్రం, వైద్యులు కోవిడ్ విధులకు అందుబాటులో ఉండాలని, పీజీ వైద్య ప్రవేశ పరీక్ష నీట్ పీజీని వాయిదా వేసింది. ఇంటర్న్‌లను అధ్యాపకుల పర్యవేక్షణలో కోవిడ్ విధులకు, చివరి ఏడాది ఎంబీబీఎస్ విద్యార్థులను ఫోన్ సలహాలకు, స్వల్ప లక్షణాల రోగుల పర్యవేక్షణకు వాడుకోమంది. వంద రోజులు పనిచేసినవారికి ప్రభుత్వ నియామకాల్లో ప్రాధాన్యం అంది. మంచి నిర్ణయాలే, కానీ రెండో అల ఉధృతంగా ఉండగా వచ్చాయి. అల తగ్గగానే, జూలైలో, తెలంగాణలో కోవిడ్ కోసం తాత్కాలికంగా తీసుకున్న నర్సులు తమను తొలగించారని హైదరాబాద్‌లో రోడ్డెక్కారు. పీపీఈ కిట్లలో చెమటోడ్చినవారికి పావియా వైద్యుడికి దక్కిన ఆ రెండు నెలల జీతపు హామీ కూడా లేకపోవడం అన్యాయం.

రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకూ, వైద్య, నర్సింగ్ మండళ్లకూ విన్నపం ఒక్కటే. ఆపదలో ఎవరిని పిలుస్తారో, ఏ పని వరకు అనుమతిస్తారో, ఎవరి పర్యవేక్షణలో ఉంచుతారో, ఏ జీతానికో, పని ముగిశాక ఏమిస్తారో ఇప్పుడే, వార్డులు ఖాళీగా ఉన్నప్పుడే, నిబంధనలుగా రాసి పెట్టండి.