వినడం కూడా ఒక విద్యే

1955 ఫిబ్రవరి 2న మన దేశానికీ, సోవియట్ యూనియన్‌కూ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. దాని ఫలితమే భిలాయ్ ఉక్కు కర్మాగారం. 1959 ఫిబ్రవరి 4న అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు పని వెతుక్కుంటూ వెళ్లి ఆ ఊళ్లో స్థిరపడ్డాయి. ఉక్కు తయారీని మనవాళ్లు ఎలా నేర్చుకున్నారు? కొందరు ఇంజనీర్లు సోవియట్ కర్మాగారాలకు వెళ్లి శిక్షణ పొందారు. తిరిగి వచ్చాక సోవియట్ నిపుణుల పక్కన నిలబడి పని చేశారు. తప్పు జరిగితే పక్కనున్నవారు అక్కడికక్కడే చూపించారు. రెండు రోజులు ఉపన్యాసం విని కొలిమిని నడపగలమని ఎవరూ అనుకోలేదు.

అయితే రోగితో మాట్లాడడం అనే పని దగ్గరకు వచ్చేసరికి మనం ఇంత జాగ్రత్త తీసుకోలేదు. మాటలు అందరికీ వచ్చు, ఇక నేర్పేదేముంది అనుకున్నాం. ఇది ఎంతవరకు నిజమో హెచ్.ఐ.వి. చికిత్స చరిత్రను చూస్తే తెలుస్తుంది.

మందు లేని రోజులు, మందు వచ్చిన రోజులు

మన దేశంలో హెచ్.ఐ.వి. ఉనికి 1986లో మద్రాసులో బయటపడింది. మద్రాసు వైద్య కళాశాలకు చెందిన సూక్ష్మజీవ శాస్త్రవేత్త డాక్టర్ సునీతి సాల్మన్, ఆమె విద్యార్థిని డాక్టర్ సెల్లప్పన్ నిర్మల చేపట్టిన పరిశోధనలో ఈ సంగతి తేలింది. రక్త నమూనాలను వెల్లూరు క్రిస్టియన్ వైద్య కళాశాలలో పరీక్షించారు. మరుసటి ఏడాదే జాతీయ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అంటే 'నాకో' ఏర్పడింది.

ఆ రోజుల్లో ఆరోగ్య కార్యకర్త చేతిలో మందు లేదు. చెప్పడానికి జాగ్రత్తలు మాత్రమే ఉన్నాయి. 1997 నుంచి రక్తపరీక్షతో పాటు సలహా ఇచ్చే కేంద్రాలు వచ్చాయి. పరీక్షకు ముందూ, తర్వాతా రోగితో మాట్లాడేందుకు కౌన్సిలర్ అనే కొత్త ఉద్యోగి ప్రభుత్వ ఆసుపత్రుల్లో కనిపించాడు.

1996 నాటికి మూడు మందులను కలిపి వాడితే వైరస్‌ను అణచవచ్చని ప్రపంచానికి తెలిసింది. కాని వాటి ధర పేద దేశాలకు అందేది కాదు. 2001లో మన సిప్లా కంపెనీ ఏడాదికి సరిపడా మందులను స్వచ్ఛంద సంస్థలకు 350 డాలర్లకే ఇస్తామని ప్రకటించింది. తర్వాత హైదరాబాదులోని హెటిరో, అరబిందో వంటి కంపెనీలు కూడా ఈ మందులను పెద్ద ఎత్తున తయారు చేశాయి. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఏ.ఆర్.టి. అనే ఈ చికిత్సను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. వ్యాధి ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

మందు వచ్చాక ఒక కొత్త సమస్య ఎదురైంది. దీన్ని చిన్న లెక్కతో అర్థం చేసుకోవచ్చు. అప్పట్లో రోజుకు రెండుసార్లు మాత్రలు వేసుకోవాలి. నెలకు 60 మోతాదులు. కనీసం 95 శాతం వేసుకోవాలని వైద్యులు చెప్పేవారు. అంటే నెలలో మూడు మోతాదులకు మించి తప్పకూడదు. అలా ఒక నెల కాదు, జీవితాంతం! మోతాదులు తప్పితే రక్తంలో మందు పాళ్లు తగ్గుతాయి. వైరస్ మళ్లీ పెరుగుతుంది. అలా పెరిగేటప్పుడు మందును తట్టుకునే రకాలు బలపడతాయి. అప్పుడు అదే మందు పనిచేయదు. ఇప్పుడు డోలుటెగ్రావిర్ ఉన్న మాత్ర రోజుకొకటి చాలు. అది వెనకటి మందులకన్నా మెరుగైనదే. కాని రోజూ వేసుకోవాలన్న నియమం మాత్రం మారలేదు.

ఒకే రోగి, రెండు సంభాషణలు

మాత్రలు మానేసిన రోగి కౌన్సిలర్ ఎదుట కూర్చున్నాడు. ఇది ఊహించి రాస్తున్న ఉదాహరణ. అతను విజయనగరం వైపు నుంచి భిలాయ్‌కి పనికి వెళ్లిన తాపీమేస్త్రి అనుకుందాం.

మొదటి రకం సంభాషణ ఇలా ఉంటుంది:

"ఎన్నిసార్లు చెప్పాలయ్యా? మాత్రలు మానేస్తే ఏమవుతుందో తెలీదా?"

"తెలుసు మేడమ్."

"తెలిసీ ఇలా చేస్తే ఎలా? నీ పిల్లల గురించైనా ఆలోచించవా?"

"ఇకనుంచి వేసుకుంటాను మేడమ్."

అతను ఇంటికి వెళ్లిపోతాడు. వచ్చే నెల మాత్రలు తప్పినా ఆ మాట చెప్పడు. మరోసారి తిట్లు తినలేక అసలు కేంద్రానికే రాకపోవచ్చు. కౌన్సిలర్ ఇందులో చెప్పిన మాటేదీ అబద్ధం కాదు. అయినా రోగి చేజారాడు.

రెండో రకం చూడండి:

"పోయిన నెల మాత్రలు వేసుకోవడం కష్టమైనట్టుంది. ఏం జరిగిందో చెప్తారా?"

"ఒకే గదిలో ఎనిమిది మందిమి ఉంటాం మేడమ్. రాత్రిపూట డబ్బా తీస్తే అందరూ చూస్తారు."

"అంటే మాత్రలు మానాలని మీకు లేదు. నలుగురి కంట పడతాయనే భయం."

"అవునండీ. మా పాప పదో తరగతి. అది ఒక దరికి చేరేదాకా నేను బాగుండాలి కదా."

"పాప కోసం గట్టిగా నిలబడాలనుకుంటున్నారు. మరి ఈ గది ఇబ్బందికి ఏం చేయొచ్చంటారు?"

"పొద్దున వేసుకోవచ్చా మేడమ్? నీళ్లకు నేనే ముందు లేస్తాను. అప్పుడెవరూ చూడరు."

పాప సంగతిని ఇక్కడ రోగే ఎత్తాడు. ఉపాయం కూడా అతనికే తట్టింది. కౌన్సిలర్ చేసిందల్లా ప్రశ్న అడగడం, విన్నదాన్ని తన మాటల్లో తిరిగి వినిపించడం. ఈ పద్ధతిని మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అంటారు. తెలుగులో ప్రేరణ సంభాషణ అనుకోవచ్చు.

నార్వేలో పుట్టిన ఆలోచన

ఈ పద్ధతికి ఆద్యుడు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విలియం మిల్లర్. ఆయన మొదట పరిశీలించింది మద్యపాన వ్యసనాన్ని. 1980లో ఆయన బృందం ప్రచురించిన ఒక అధ్యయనంలో కౌన్సిలర్లందరూ ఒకే చికిత్సా పద్ధతి వాడారు. ఫలితాలు మాత్రం మనిషిని బట్టి మారాయి. రోగి మాటను సానుభూతితో అర్థం చేసుకున్నవారి దగ్గర రోగులు బాగా కోలుకున్నారు. ఇందుకు మూలం 1940ల నుంచే కార్ల్ రోజర్స్ అనే శాస్త్రవేత్త చెబుతూ వచ్చిన భావాల్లో ఉంది.

1982లో మిల్లర్ నార్వే దేశంలోని బెర్గెన్ నగరం దగ్గర ఒక చికిత్సాలయానికి వెళ్లాడు. అక్కడి యువ మనస్తత్వ నిపుణులు రోగుల పాత్ర ధరించి, ఆయన ఎలా మాట్లాడతాడో చూపమన్నారు. మధ్యమధ్య ఆపి, "ఈ ప్రశ్నే ఎందుకు అడిగారు? ఆ మాటనే ఎందుకు పట్టుకున్నారు?" అని నిలదీశారు. జవాబు చెప్పే ప్రయత్నంలో ఆయనకు తన పద్ధతి తనకే స్పష్టమైంది. 1983లో దాన్ని వ్యాసంగా ప్రచురించాడు. 1989లో ఆస్ట్రేలియాలో స్టీఫెన్ రోల్నిక్ అనే శాస్త్రవేత్తను కలిశాడు. ఇద్దరూ కలిసి 1991లో పుస్తకం రాశారు.

వారి సూత్రం సులువైనదే. మారాలా వద్దా అని ఊగిసలాడే మనిషిలో రెండు గొంతులుంటాయి. మనం ఒక పక్షం తీసుకొని వాదిస్తే, అతను రెండో పక్షం తీసుకుంటాడు. వాదించిన కొద్దీ ఆ పక్షమే అతనిలో గట్టిపడుతుంది. 1993లో మిల్లర్ బృందం ప్రచురించిన పరిశోధనలో ఇది కనిపించింది. కౌన్సిలర్ ఎంత ఎక్కువగా ఎదిరించి మాట్లాడితే, ఏడాది తర్వాత రోగి అంత ఎక్కువగా తాగుతున్నాడు. కాబట్టి మారాలనే మాట రోగి నోటి నుంచే రావాలి.

నేర్పేవారు చేసిన పొరపాటు

1990లలో ఈ పద్ధతి త్వరగా వ్యాపించింది. సలహాదారులకు రెండు రోజుల శిక్షణ తరగతులు నడిచాయి. అవి ఎంతవరకు పనిచేశాయో మిల్లర్ స్వయంగా పరీక్షించాడు. 2001లో ప్రచురించిన ఫలితం నిరాశ కలిగించింది. శిక్షణ పొందినవారు తమకు విద్య బాగా వచ్చిందనుకున్నారు. వారి సంభాషణల టేపులు వింటే మార్పు కొద్దిగానే ఉంది. వారి ఎదుట కూర్చున్నవారి మాటల్లో మార్పే లేదు!

2004లో 140 మంది నిపుణులతో మరింత పెద్ద ప్రయోగం ఫలితాలు వచ్చాయి. పుస్తకం, వీడియో మాత్రమే ఇచ్చినవారికన్నా తరగతికి వచ్చినవారు మెరుగుపడ్డారు. తరగతి తర్వాత టేపులు విని తప్పొప్పులు చెప్పినవారికీ, ఫోనులో మార్గదర్శనం ఇచ్చినవారికీ ఇంకా ఎక్కువ మేలు జరిగింది. మరో సంగతి కూడా తేలింది. "నాకు ఇంత వచ్చు" అని ఎవరికి వారు వేసుకున్న అంచనాకూ, టేపులో వినిపించిన నైపుణ్యానికీ సంబంధం లేదు.

ఇందులోని తమాషా గమనించారా? ఉపన్యాసం వల్ల మనిషి మారడు అనే విషయాన్ని కౌన్సిలర్లకు ఉపన్యాసం ద్వారానే చెప్పారు. రోగి విషయంలో చేసిన పొరపాటే శిక్షణలోనూ జరిగింది.

అందుకే నైపుణ్యాన్ని కొలిచే పద్ధతులు వచ్చాయి. సంభాషణను రికార్డు చేసి, కౌన్సిలర్ ఎన్ని ప్రశ్నలు వేశాడో, రోగి మాటను ఎన్నిసార్లు తిరిగి వినిపించాడో లెక్కిస్తారు. ఒక ప్రశ్నకు రెండుసార్లు తిరిగి వినిపించగలిగితే మంచి నైపుణ్యం కింద లెక్క. మీ మిత్రుడితో ఐదు నిమిషాలు ఇలా మాట్లాడి చూడండి. ఎంత కష్టమో తెలుస్తుంది.

మన దేశంలో దొరికిన పాఠాలు

మాత్రలు గుర్తుచేస్తే చాలదా అని కొందరికి అనిపించవచ్చు. దీన్ని దక్షిణ భారతంలో 631 మంది హెచ్.ఐ.వి. రోగులపై పరీక్షించారు. సగం మందికి వారం వారం సెల్ ఫోనులో యంత్రం పలికే సందేశం, ఒక బొమ్మ పంపారు. దాదాపు రెండేళ్లు గమనించారు. 2014లో వెలువడిన ఫలితాల ప్రకారం వైరస్ అదుపులో గాని, మాత్రలు వేసుకోవడంలో గాని రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. మరచిపోయినవాడికి గుర్తుచేయవచ్చు. దాచుకొనేవాడి సంగతి వేరు.

రెండో పాఠం గోవాది. అది హెచ్.ఐ.వి.కి కాక మద్యపానానికి సంబంధించినది. అక్కడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మానసిక వైద్యంలో వృత్తి శిక్షణ లేని సామాన్యులకే ప్రేరణ సంభాషణ నేర్పారు. తరగతుల తర్వాత కొంతకాలం పర్యవేక్షణలో పని చేయించారు. ఆపైన తోటి కౌన్సిలర్లే కూర్చొని ఒకరి రికార్డింగులు ఒకరు విని మార్కులు వేసుకున్నారు. 377 మంది పురుషులపై జరిగిన ఈ ప్రయోగం 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మూడు నెలలకు మామూలు చికిత్స పొందినవారిలో 26 శాతం మంది హానికర మద్యపానం నుంచి బయటపడితే, ఈ సంభాషణ కూడా పొందినవారిలో 36 శాతం మంది బయటపడ్డారు.

హెచ్.ఐ.వి. చికిత్సలో ఈ పద్ధతి ఫలితాలు అన్ని దేశాల్లో ఒకేలా లేవు. కొన్ని ప్రయోగాల్లో మేలు కనిపించింది, కొన్నింటిలో లేదు. అయితే పద్ధతిని తప్పుపట్టే ముందు కౌన్సిలర్ దాన్ని నిజంగా నేర్చుకున్నాడా అని అడగాలి. ఆ జవాబు ధ్రువపత్రంలో దొరకదు. సంభాషణ వింటేనే దొరుకుతుంది. దానికి రోగి అనుమతి కావాలి. అతని పేరు, ఊరు బయటపడకూడదు. 2018 సెప్టెంబరులో అమలులోకి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం కూడా రోగి గోప్యతను కాపాడాలనే చెబుతుంది.

2023 అంచనా ప్రకారం మన దేశంలో 25 లక్షల మందికి పైగా హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నారు. మాత్రలు ఇచ్చేచోట వారికి దొరికే సంభాషణ కొన్ని నిమిషాలదే. ఆ కొద్ది నిమిషాల్లో నిజం చెప్పే ధైర్యం రోగికి కలగాలంటే, కౌన్సిలర్‌కు కూడా పక్కన కూర్చొని విని, తప్పొప్పులు ఓపికగా చెప్పే మనిషి ఒకరుండాలి. మీలో రేపు వైద్యులు, నర్సులు కాబోయేవారు ఈ సంగతి ఇప్పుడే గుర్తుంచుకోవడం మంచిది.