ఇస్కూల్లో సర్వజ్ఞుడు, ఇంట్లో వేమన

చింతామణి వైపు తెలుగు ఇండ్లల్లో పెద్దవాళ్లు ఏదైనా గట్టిగా చెప్పాలంటే సొంత మాటతో ఆగరు. "వేమన చెప్పలేదా?" అంటారు. అదే ఇండ్ల పిల్లలు ఇస్కూల్లో కంఠపాఠం చేసేది సర్వజ్ఞుని వచనాలు. మేమూ కన్నడ మీడియంలోనే చదివినాము. సర్వజ్ఞుడు మాకు పుస్తకంలోంచి వచ్చినాడు, వేమన అవ్వ నోట్లోంచి వచ్చినాడు.

సర్వజ్ఞునిది త్రిపది. మూడు పాదాలు, చివర ఆయన పేరు. వేమనది ఎక్కువగా ఆటవెలది. పాదాలు నాలుగైనా చివరిది మకుటం కాబట్టి, చెప్పాల్సిన సంగతి మూడింటిలోనే అయిపోతుంది. ఇద్దరూ పోలికలు తెచ్చేది వంటింట్లోంచి, పొలంలోంచి. కులం గొప్పలనూ, పైపై భక్తినీ, పిసినారితనాన్నీ ఇద్దరూ వదిలిపెట్టలేదు. అందుకే ఒకరిని నేర్చుకున్నవాళ్లకు రెండోవారు కొత్తగా అనిపించరు.

వీళ్ల మాటలు చానా కాలం జనం నోళ్లలో, తాటాకుల్లోనే ఉండినాయి. మైసూరు సీమలో ఎన్నో ఏండ్లు గడిపిన ఫ్రెంచి పాదిరి అబే దుబ్వా రాతల్లో వేమన పేరు చూసి, కంపెనీ ఉద్యోగి సి.పి. బ్రౌన్ 1824లో ఆ పద్యాల కోసం వెతకడం మొదలుపెట్టినాడు. 1829లో వాటిని ఇంగ్లీషు అనువాదంతో మద్రాసులో అచ్చు వేయించినాడు. అంటే తెలుగు కవి జాడ ఆయనకు కన్నడ సీమ మీదుగా అందింది. సర్వజ్ఞుని వచనాలను ఓపికగా సేకరించి 1924లో పుస్తకంగా తెచ్చినవారు రెవరెండ్ ఉత్తంగి చన్నప్ప.

అచ్చయినంత మాత్రాన చిక్కు తీరలేదు. ఒక ప్రతిలో ఉన్న పద్యం ఇంకో ప్రతిలో ఉండదు, ఉన్నా మాటలు మారి ఉంటాయి. వేమన పేరు తగిలించి తర్వాతివాళ్లు కట్టిన పద్యాలూ కలిసిపోయినాయి. ఆఫీసులో మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. చెప్పిందానికీ ఉన్నదానికీ తేడా పట్టుకోవడమే ఆ పని. ఆ అలవాటుతో వాట్సాప్‌లో వేమన పేరుతో వచ్చే ప్రతి మాటనూ ఒకసారి అనుమానంగానే చూస్తాము. అవ్వ చెప్పిన పద్యాల్లోనూ అట్లాంటివి ఉండొచ్చు. కానీ ఆమె ఏ పద్యం ఎప్పుడు అన్నదో మాకు బాగా గుర్తు. చుట్టం ఎవరైనా గొప్పలు చెప్పుకొని పోతే, గడప దాటగానే ఉప్పూ కర్పూరం పద్యం వచ్చేది. చదువు రాని మనిషి, సందర్భం మాత్రం ఎన్నడూ తప్పలేదు.

ఇట్లాంటి మాటలకూ భాషల గొడవ తప్పలేదు. బెంగళూరు హలసూరులో తిరువళ్లువర్ విగ్రహం 1991లోనే సిద్ధమైనా, 18 ఏండ్లు గుడ్డ కప్పుకొని నిలబడింది. 2009 ఆగస్టులో దాన్ని తెరిచినారు. అదే నెలలో చెన్నై అయనావరంలో సర్వజ్ఞుని విగ్రహం తెరిచినారు. రెండు ప్రభుత్వాలు కూర్చొని మాట్లాడుకుంటే గానీ జరగని ఇచ్చిపుచ్చుకోవడం అది. మన ఇండ్లల్లో మాత్రం వేమన, సర్వజ్ఞుడు ఏ ఒప్పందం లేకుండానే ఒకే పంక్తిలో కూర్చున్నారు.

కర్ణాటక ప్రభుత్వం జనవరి 19న వేమన జయంతి జరుపుతుంది. సంతోషమే. అయితే జయంతి ఏడాదికి ఒకరోజు. అవ్వకు ఆయన వారానికి నాలుగుసార్లు అవసరమయ్యేవాడు. ఆ తరం వెళ్లిపోతోంది, మన పిల్లలు ఇంట్లో కూడా కన్నడ, ఇంగ్లీషు కలిపి మాట్లాడుతున్నారు. పద్యం పుస్తకంలో ఎట్లాగూ ఉంటుంది. దాన్ని ఎప్పుడు అనాలో చెప్పే మనిషే ఇంట్లో లేకుండా పోతున్నారు.

లిపి రాదని వెనకాడొద్దు. కన్నడ అక్షరాలు వచ్చినవాళ్లకు తెలుగు అక్షరాలు చానావరకు చూడగానే తెలుస్తాయి, ముఖ్యంగా తలకట్టు దగ్గర తేడా పట్టుకుంటే చాలు. అంతవరకు కన్నడ లిపిలోనే రాసుకోండి. మీ ఇంట్లో పెద్దవాళ్లు అనే పద్యం ఒక్కటి రాయండి. దాని కింద, వాళ్లు దాన్ని ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో కూడా రాయండి. అది మాత్రం ఏ బ్రౌన్ దొర వచ్చినా సేకరించలేడు.